కొసలు విరిచిన బెండకాయలు

రాష్ట్రం రెండైన ఏడాది అది. న్యూజెర్సీలో ఆ యూనివర్సిటీ వెనకాల ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళకి మాత్రం రెండు రాష్ట్రాలకీ కలిపి కారు ఒకటే. దాని ఓనరు హర్షవర్ధన్. ఒంగోలు అవతల పల్లెటూరు. మిగతా స్టూడెంట్లందరికీ సీనియరు కాబట్టి అందరూ హర్షన్నా అనేవారు. కారుంది కాబట్టి ఆ చివరి దీర్ఘం ఇంకొంచెం సాగదీసేవారు.

కారు గొప్పదేం కాదు. వెనక తలుపులు బయటి నుంచే తెరుచుకునేవి. హీటర్ వేస్తే రేడియో ఆగిపోయేది. డిక్కీ నిండా మంచుకాలం టైర్లూ క్రికెట్ సామానూ ఉండేవి. ఇంకో అగ్గిపెట్టె దూర్చడానికి సందుండేది కాదు. అయినా కారు కారే. కందిపప్పు నుంచి కరివేపాకు దాకా ఏది కావాలన్నా ఐసెలిన్‌లో ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డుకే పోవాలి. బస్సులో పోతే మధ్యలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. బియ్యం బస్తా భుజాన వేసుకుని ఒకసారి ఆ బస్సు మారినవాడు నెల్లాళ్ళపాటు బ్రెడ్డు తిని బతికాడు.

అందుకని శనివారం శనివారం హర్షవర్ధన్ కారు సంతకి కట్టిన బండిలా బయల్దేరేది. ఎక్కేది నలుగురు, ఎక్కాలనుకునేది అపార్ట్‌మెంట్లంతా. గురువారం నుంచే హర్షన్న మంచితనం ఒక్కొక్కరికే గుర్తుకొచ్చేది. ఒకడు అతని బట్టలు మడతపెట్టేవాడు. ఇంకొకడు అతని అసైన్‌మెంట్ ప్రింట్లు తీసిచ్చేవాడు. అతని రూమ్మేటు పవన్, నిజామాబాద్ కుర్రాడు, శుక్రవారం రాత్రి వంట తన వంతు కాకపోయినా కోడిగుడ్డు పులుసు పెట్టేవాడు. ఇంకో రూమ్మేటు నరసింహది నూజివీడు దగ్గర ఊరు. అతనికి వంట రాదు, ఇస్త్రీ రాదు. హర్షవర్ధన్ ఇంటర్వ్యూ కథ వినేవాడు. అదే కథ. ప్రతిసారీ అదే చోట నోరు తెరిచి, "అప్పుడు మేనేజర్ ఏవన్నాడన్నా?" అనేవాడు. అంతే, సీటు ఖాయం.

నరసింహకి అంత శ్రద్ధ కందిపప్పు మీద కాదు. ఎదురు ఫ్లాట్‌లో ఉండే నళిని మీద.

నళినిది హన్మకొండ. ఆమె, ఆమె రూమ్మేటు సాయి ప్రియ ప్రతి శనివారం కారెక్కేవారు. ఆడపిల్లలకి సీటు అడగకుండానే ఇవ్వాలని హర్షవర్ధన్ పెట్టుకున్న నియమం. పవన్ ముందు సీటు. వెనక సీట్లో ఒక కిటికీ దగ్గర సాయి ప్రియ, మధ్యలో నళిని, ఈ పక్కన నరసింహ. వెళ్ళేటప్పుడు పర్వాలేదు. వచ్చేటప్పుడు డిక్కీలో చోటుండదు కాబట్టి సామానంతా ఒళ్ళలోకి వచ్చేది. నళిని ఒళ్ళో గుడ్ల అట్ట. నరసింహ ఒళ్ళో పెరుగు బకెట్టు. హైవే దిగేచోట రోడ్డు గుండ్రంగా తిరుగుతుంది. ఆ మలుపులో పెరుగు బకెట్టు మెల్లగా గుడ్ల అట్ట వైపు ఒరిగేది. "జర పట్టుకోండి, గుడ్లు పోతయ్," అనేది నళిని నవ్వుతూ. ఆ మలుపు కోసం నరసింహ వారమంతా బతికేవాడు.

షాపులో కూడా ఆమె వెనకే బుట్ట మోసేవాడు. నళిని వంకాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. గింజ ముదిరితే లోపల చప్పుడవుతుందని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. అలా చప్పుడు చేసే వంకాయ భూమ్మీద ఉందో లేదో నరసింహకి తెలియదు. ఆమె ఊపుతుంటే తనూ చెవి ఒగ్గి, "లేదండీ, చప్పుడు లేదు," అనేవాడు గంభీరంగా.

ఇలా సాగుతున్న రోజుల్లో ఒక ఎండాకాలపు శనివారం హర్షవర్ధన్ అందర్నీ సామానుతో సహా కార్లో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని మిరపకాయ బజ్జీల షాపులోకి పోయాడు. అక్కడ చీరాలాయన ఎవరో దొరికాడు. చీరాలకీ ఒంగోలుకీ మధ్య ఎన్ని ఊళ్ళున్నాయో అన్ని ఊళ్ళ చుట్టాలనీ ఇద్దరూ తిరగేశారు. కార్లో వెనక కూర్చున్నవాళ్ళకి తలుపులు లోపలినుంచి రావు. పవన్ దిగి తీద్దామంటే ఒళ్ళో బియ్యం బస్తా. గోంగూర వాడిపోయింది. నళిని గుడ్ల అట్టతో మొహానికి విసురుకోబోయి, గుడ్లున్నాయని గుర్తొచ్చి ఆగింది.

"ఏందండి ఈ బతుకు. కార్ల సీటు కోసం ఆయన్ని బతిమిలాడాలె, ఎక్కినంక దింపమని బతిమిలాడాలె. కూరగాయలే మనింటికి నడిచొస్తె ఎంత మంచిగుంటుండె," అంది నళిని.

మామూలు మాట. చెమట పట్టిన మనిషి ఎవరైనా అనే మాట. కానీ నరసింహ చెవిన అది ఇంకోలా పడింది. ఈ అమ్మాయి తనని జీవితంలో మొదటిసారి ఒకటి కోరింది. కూరగాయల్ని నడిపించాలి.

నడిపించే దారి ఆ వారమే దొరికింది. ఇండియన్ సరుకులు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే శనివారం పొద్దున వ్యాన్‌లో గుమ్మం ముందు దింపే కొత్త వెబ్‌సైట్ ఒకటి మొదలైంది. నరసింహ చదివేది ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. సరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా పోవాలన్నదే వాడి చదువు. ప్రొఫెసర్ ఇచ్చిన ప్రాజెక్టు పక్కన పడేసి, ఇంట్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి, ఫ్లాట్లన్నిటి నుంచీ జనాన్ని పిలిచి సభ పెట్టాడు. పవన్ పులిహోర కలిపాడు. దాని కోసమే సగంమంది వచ్చారు.

"చూడండి. మనం వారం వారం ఐసెలిన్ పోయి రావడానికి శనివారం మొత్తం ఖర్చవుతోంది," అంటూ నరసింహ మొదటి స్లైడ్ వేశాడు. అందులో ఒక గడియారం బొమ్మ, పక్కన ఏడుస్తున్న మొహం. "ఇదైతే పడుకునే ముందు ఫోన్‌లో బుక్ చేసుకోవచ్చు. మంచు పడ్డా వస్తుంది. పరీక్షలున్నా వస్తుంది. బస్తాలు ఒళ్ళో పెట్టుకోనక్కర్లేదు."

"సీటు కోసం ఎవరి బట్టలూ మడతపెట్టనక్కర్లేదు," అన్నాడు వెనకనుంచి బట్టలు మడతపెట్టే కుర్రాడు. పాపం, చాలా రోజుల బాధ.

హర్షవర్ధన్ సోఫా మధ్యలో కాళ్ళు చాపుకుని పులిహోర తింటున్నాడు. తినడం ఆపలేదు. "అబ్బాయ్, ఫొటోలో వంకాయలు చూపించావు బాగానే ఉంది. ఫొటోలో ఎవరు బాగుండరు? నీ పాస్‌పోర్టు ఫొటో చూసి నువ్వు మంచోడివనుకునే కదా ఈ దేశం వీసా ఇచ్చింది."

అందరూ నవ్వారు. నరసింహ కూడా నవ్వి, "బాగోకపోతే వెనక్కి తీసుకుంటారన్నా," అన్నాడు.

"తీసుకుంటారు. ఈలోపు నా చారులోకి తోటకూర ఏది? ఇంకోటి. షాపులో పటేల్ భాయ్‌ని ఒక మాట పలకరిస్తే గుప్పెడు కరివేపాకు కొసరు వేస్తాడు. నీ కంప్యూటర్ వేస్తుందా కొసరు?"

"అన్నా, ఆ కొసరు కోసం నువ్వు చెప్పే కబుర్ల టైమ్‌లో నేను ఒక అసైన్‌మెంట్ సబ్మిట్ చేస్తా," అంది సాయి ప్రియ. ఆమెది హైదరాబాద్, టైమ్ వేస్ట్ అంటే ఒంటికి పడదు.

పవన్ పులిహోర గిన్నె అడుగు గీకుతూ, "గది సరే గని, కూరలు ఇంటికొస్తె ఇంట్లకెళ్ళి ఎవడు బయటికొస్తడు? చలికాలం మనిషికి మనిషి మొఖమే కనిపియ్యదు," అన్నాడు. మంచి మాటే. గరిట చప్పుళ్ళో ఎవరికీ వినపడలేదు.

హర్షవర్ధన్ పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అసలు బాణం అప్పుడు తీశాడు.

"ఇవన్నీ కాదబ్బాయ్. ఒకటే అడుగుతా. బెండకాయ కొస ఎవడు విరుస్తాడు?"

ఆ విద్యలో హర్షవర్ధన్‌ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. బెండకాయల గంప పైన 'దయచేసి కొసలు విరవవద్దు' అని ఓనరు బోర్డు కట్టాడు. సరిగ్గా ఆ బోర్డు కిందే హర్షవర్ధన్ నిలబడి, కళ్ళు ఎటో పెట్టి, జపం చేసుకుంటున్నవాడిలా వేళ్ళు మాత్రం ఆడించేవాడు. టిక్, టిక్, టిక్. లేతది సంచిలోకి, ముదురుది గంపలోకి. ముదురు బెండకాయ పొరపాటున కూడా ఆ అపార్ట్‌మెంట్ల గడప తొక్కలేదు.

నరసింహ ఒక్క క్షణం తడబడ్డాడు. నళిని వైపు చూశాడు. ఆమె తనవైపే చూస్తోంది. ధైర్యం వచ్చేసింది.

"వెబ్‌సైట్‌లో నోట్ రాసే చోటుందన్నా. మనకెలా కావాలో రాస్తే అలా చేస్తారు. విరవమని రాస్తా. విరుస్తారు."

"తెల్లోళ్ళు బెండకాయ కొస విరుస్తారా?"

"కస్టమర్ అడిగితే ఏదైనా చేస్తారు. అదే కదా ఈ దేశం."

ఆ దెబ్బతో సభ ఒరిగిపోయింది. ఒక శనివారం చూద్దాం, బాగుంటే ఇక కారు వద్దు అని తేల్చారు. లేచి వెళ్ళేటప్పుడు నళిని గుమ్మం దగ్గర ఆగి, "మస్తు చెప్పిన్రు నరసింహ గారు. ఇగ ఎవర్ని బతిమిలాడేది లేదు," అంది. నరసింహ కాళ్ళు నేల మీద ఆనలేదు. గిన్నెలు తోముతూ ఈల వేశాడు.

పవన్ పక్కన నిలబడి తడిగిన్నెలు తుడుస్తున్నాడు. "అరే, ఒకటి అడుగుత. మరి శనివారం నువ్వు ఆ పిల్ల పక్కన యాడ కూసుంటవ్‌రా?"

ఈల ఆగిపోయింది.

కుళాయి పోతూనే ఉంది. నరసింహ కట్టెయ్యలేదు. కార్లో వెనక సీటు, గుడ్ల అట్ట, పెరుగు బకెట్టు, ఆ మలుపు అన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగి, సింకు కన్నంలోంచి గిర్రున కిందికి పోయాయి. నళిని తన క్లాసు కాదు. తన డిపార్ట్‌మెంట్ కాదు. వారం పొడుగునా ఆమె కనపడేది మెట్ల మీద. అప్పుడు చేతిలో పుస్తకాలు, నోట్లో 'బై'. ఉన్నది ఒక్క శనివారం. ఆ ఒక్కదాన్నీ తన చేత్తో, స్లైడ్లు వేసి మరీ, అందరి ముందూ గెలిచి పోగొట్టుకున్నాడు.

"నువ్వు ముందే చెప్పొచ్చుగా," అన్నాడు నీరసంగా.

"చెప్పిన. ఎవడిన్నడు?" అన్నాడు పవన్.

ఇక నరసింహ పాట్లు చూడాలి. వ్యాను రాకూడదు. వస్తే శనివారాలు పోతాయి. రాకపోయినా చిక్కే, గొప్పగా చెప్పి నళిని ముందు వెర్రివాడైపోతాడు. పొలంలో నీళ్ళు నిలవకూడదు, మడి ఎండకూడదు అన్నట్టుంది వ్యవహారం. వ్యాను టైరు పంక్చర్ కావాలనీ, కానీ కొంచెం మాత్రమే కావాలనీ దేవుడికి మొక్కుకున్నాడు. అలాంటి మొక్కు ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ కలిపి ఒకే దండం పెట్టాడు.

హర్షవర్ధన్ దగ్గరికి పోయి, "అన్నా, ఒకవేళ ఏదైనా తేడా వస్తే మనం మామూలుగా వెళ్దాంగా?" అని కదిపి చూశాడు.

"నేను నిద్రపోతానబ్బాయ్ శనివారం. ఇన్నాళ్ళకి నిద్ర దొరికింది," అన్నాడు హర్షవర్ధన్ గోడవైపు తిరిగి. అలక అంటే అది.

ఆర్డర్ పెట్టాల్సిన సాయంత్రం నళినే లైబ్రరీకి వచ్చింది, తన సరుకులు చెప్పడానికి. నరసింహ లాప్‌టాప్ ముందు, ఆమె పక్క కుర్చీలో. చివర్లో నోట్ డబ్బా తెరుచుకుంది.

"వంకాయలు చెవి దగ్గర ఊపి చూడుమని రాయండి," అంది నళిని.

"పిచ్చోళ్ళనుకుంటారండీ."

"అనుకోనియ్యండి. లేతవి కావాలని రాస్తె ఎవరికి లేత, ఎంత లేత?"

రాశాడు. కొసరుగా కొంచెం కరివేపాకు వెయ్యమనీ రాశాడు. అక్కడ కొసరుకి ఇంగ్లీషులో ఏమంటారో తెలియక, 'స్నేహానికి గుర్తుగా' అని రాశాడు. తరవాత బెండకాయల వంతు. 'దయచేసి ప్రతి బెండకాయ కొసా విరవండి' అని రాశాడు. నళిని వంగి చదివి, కరెక్ట్ అంది. విరగనిది పక్కన పడెయ్యాలని కూడా రాయాలని వాళ్ళకి తట్టలేదు. బెండకాయ కొస ఎందుకు విరుస్తారో తెలియని మనిషి ఒకడుంటాడని ఆ ఇద్దరి ఊళ్ళలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆర్డర్ పోయింది. నళిని లేస్తూ, "అయితే శనివారం ఇగ ఎక్కడికి పోయేది లేదన్నట్టు," అంది. నరసింహ, "లేదండీ. హాయి," అన్నాడు. ఆమె ఒక్క క్షణం నిలబడి, ఏదో అడగబోయి, అడక్కుండా వెళ్ళింది.

శనివారం వ్యాను చెప్పిన టైమ్‌కి వచ్చింది. టైర్లు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

హర్షవర్ధన్ హాల్లోనే సోఫా మీద దుప్పటి ముసుగెట్టి పడుకున్నాడు. బెడ్‌రూమ్ ఉండగా ఇక్కడెందుకని ఎవరూ అడగలేదు. నళిని, సాయి ప్రియ వచ్చి కింద కూర్చున్నారు. వ్యాను నడిపే ఆయన పోలండ్ నుంచి వచ్చిన పెద్దమనిషి, తెల్ల మీసాలు. సంచులు ఒక్కొక్కటే తెచ్చి వరసగా పెట్టాడు. చెరువులో చేపలు పట్టి గట్టున వాటాలు వేసినట్టు నరసింహ, పవన్ సరుకులు పంచడం మొదలుపెట్టారు. పెరుగు మంచుముక్కలా ఉంది. గుడ్డు ఒక్కటి పగల్లేదు. కొత్తిమీర అప్పుడే కోసినట్టుంది. నరసింహ దాన్ని తన చేత్తోనే నళిని సంచిలో పెట్టాడు. నళిని వంకాయ తీసి చెవి దగ్గర ఊపింది. నరసింహ చెవి ఒగ్గాడు. ఒక్క చప్పుడు, ఒక్కటంటే ఒక్కటి చాలు.

"లేదు. మంచిగనే ఉన్నయ్," అంది నళిని. ఎందుకో ఆమె గొంతులోనూ సంతోషం లేదు.

కరివేపాకు వచ్చింది. వేరే కవర్లో ఇంకో గుప్పెడు కూడా వచ్చింది. దాని మీద 'మీ స్నేహితుల నుంచి' అని చీటీ.

"కొసరు కూడా ఏసిండ్రు," అన్నాడు పవన్. సోఫా మీద దుప్పటి కదిలింది.

చివరి సంచి ఇస్తూ పెద్దమనిషి టోపీ తీశాడు. కొంచెం సంకోచంగా, మర్యాదగా అడిగాడు. ఇది మీ మతంలో ఏదైనా పండుగ కోసమా అని. గోడౌన్‌లో అందరం కూర్చుని చేశాం, తప్పు లేకుండా చేశామనే అనుకుంటున్నాం అని.

నరసింహ సంచి విప్పాడు.

బెండకాయలు. ప్రతిదానికీ కొస లేదు. లేతవాటికీ లేదు, ముదురువాటికీ లేదు. పీచుకట్టి, చేతికర్రలా గట్టిపడిన బెండకాయ కొసని కూడా ఎవరో పాపం కత్తెరతో కత్తిరించి మాట నిలబెట్టుకున్నారు. విరిచిన చోటల్లా నల్లబడింది. సంచి అడుగున చిన్న జిప్ కవరు. దాన్నిండా కొసలు.

అవి పారెయ్యాలో, మీకు పంపాలో మీరు రాయలేదు, అందుకని జాగ్రత్త చేశాం అన్నాడు పెద్దమనిషి.

సాయి ప్రియ ముందు పేలింది. ఆమె నవ్వుకి పవన్ కూలబడ్డాడు. నళిని గుడ్ల అట్ట జాగ్రత్తగా పక్కన పెట్టి మరీ నేల మీద పడి నవ్వింది. పెద్దమనిషికి ఏమీ అర్థం కాకపోయినా మీసాలు తడుముకుంటూ తనూ నవ్వి, శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయాడు. దుప్పటి తొలగించుకుని హర్షవర్ధన్ లేచాడు. ఒక బెండకాయ తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలు అలవాటుగా కొస కోసం వెతికింది.

"విరవడానికి నాకేం మిగిల్చార్రా," అన్నాడు. నిజంగా దిగులుగా అన్నాడు. దాంతో నవ్వు మళ్ళీ మొదటికొచ్చింది.

నవ్వులు తగ్గాక సాయి ప్రియ కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. "ఓకే, ఓక్రా ఫెయిల్. మిగతాదంతా పర్ఫెక్ట్. నోట్ మార్చి రాస్తే అదీ సెట్ అవుతుంది. నేనైతే ఆన్‌లైనే."

"సరే అబ్బాయ్. ఓడిపోయా. కారు అమ్మేస్తా. ఎవడైనా వస్తాడేమో చూడండి," అన్నాడు హర్షవర్ధన్.

అమ్మవద్దన్నా అని నరసింహ అందామంటే స్లైడ్లు వేసిన నోరు పెగల్లేదు. అంతా అయిపోయింది. నోట్ మార్చి రాస్తారు. వచ్చే శనివారం విరగని బెండకాయలు కూడా పక్కన పెట్టేస్తారు. ఆ పై శనివారం నళిని అసలు ఈ గుమ్మంలోకే రాదు. సంచి సరాసరి ఆమె గుమ్మం ముందే దిగుతుంది.

నళిని తన సంచిలోకి చూసింది. సంచి మూతి ముడి వేసింది. గట్టిగా, రెండు ముళ్ళు.

"కొత్తిమీర రాలే," అంది.

"వచ్చిం..." అంటూ నరసింహ తలెత్తాడు. నళిని అతని వైపే చూస్తోంది. రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆ చూపులో కొత్తిమీర కట్ట ఉంది, దాన్ని అతను సంచిలో పెట్టడం ఆమె చూసినట్టుంది, ఇంకా చాలా ఉంది. నరసింహ చెవులు వేడెక్కాయి.

"అవును. రాలేదు," అన్నాడు.

"రాకుంటె ఏమాయె, ఒక్క వారం కొత్తిమీర లేకుంటె చస్తమా?" అన్నాడు పవన్.

"కొత్తిమీర లేంది నాకు చారు దిగదు. షాపుకు పోవాల్సిందే," అంది నళిని.

ఆ మాట పూర్తికాకముందే హర్షవర్ధన్ నిలబడి ఉన్నాడు. తాళాలు చేతిలో ఉన్నాయి. దుప్పటి కింద బూట్లు వేసుకునే పడుకున్నాడని అప్పుడు తెలిసింది. "నేను చెప్పలా? ఏదో ఒకటి మర్చిపోతారు. పదండి, పదండి."

"కట్ట కొత్తిమీరకి కారెందుకన్నా. మీరు పండుకోండి, ఇన్నాళ్ళకు నిద్ర దొరికింది," అంది నళిని చెప్పులు తొడుక్కుంటూ. "బస్సుల పోయొస్త. నరసింహ గారూ, మీరొస్తరా తోడు?"

నరసింహ వెళ్ళాడో, ఎగిరాడో చూసినవాళ్ళు చెప్పాలి. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి పవన్ చెప్పు.

మొదటి బస్సులో చివరి సీటు. ఒళ్ళో బకెట్టు లేదు, అట్ట లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. బస్సు హైవే ఎక్కగానే పక్కనుంచి పొగ వదులుతూ ఒక పాత కారు దాటింది. నడిపేది హర్షవర్ధన్. పక్కన పవన్. వెనక సీట్లో, టైమ్ వేస్ట్ అంటే పడని సాయి ప్రియ.

"వంగండి," అంది నళిని. ఇద్దరూ సీటు కిందికి వంగారు. తలకి తల తగిలింది. అబ్బా అని ఎవరూ అనలేదు.

షాపులో వాళ్ళకంటే ముందే హర్షవర్ధన్ ఉన్నాడు. బోర్డు కింద నిలబడి, కళ్ళు మూసుకుని, టిక్, టిక్ మంటున్నాడు. మొహంలో ఏం శాంతి. పవన్ బజ్జీల పొట్లం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. సాయి ప్రియ ఒకటి తింటూ ఇంకోటి తీసుకుంటోంది. నళిని, నరసింహ కొబ్బరికాయల గుట్ట వెనక నక్కారు. నళిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక చెయ్యి గుట్టకి ఆనించింది. ఒక కొబ్బరికాయ దొర్లింది. ఇంకోటి దాని వెనకే దొర్లింది. ఇద్దరూ రెండోవైపు తలుపులోంచి పరుగో పరుగు.

రోడ్డు చివర ఇంకో షాపులో కొన్నారు కొత్తిమీర. కట్ట ఒకటి. వేళ్ళకింకా మన్ను ఉంది.

తిరుగుదారిలో బస్సు మారాక నళిని దాన్ని వాసన చూస్తూ కూర్చుంది.

"నేనే పెట్టానండీ మీ సంచిలో. నా చేత్తో," అన్నాడు నరసింహ.

"చూసిన."

"మరి ఆన్‌లైన్ వద్దని ఆరోజే అనొచ్చుగా?"

"స్లైడ్లు చేసుకొచ్చిన్రు. ఏడుపు మొఖం బొమ్మలు పెట్టిన్రు. అంత కష్టపడితె వద్దని ఎట్లంట?"

"మీరే అన్నారు, కూరగాయలు నడిచి రావాలని. మీ కోసమే..."

"కూరగాయలు వస్తయ్. మంచిదే. ఎండల కూసునేది లేదు, బస్తాలు మోసేది లేదు. ఆన్‌లైన్‌ల ఏ లోటు లేదు," అంది నళిని. కొత్తిమీర ఆకు ఒకటి తుంపి నోట్లో వేసుకుంది. "మీరు ఆర్డర్‌ల రారు కదా. గదొక్కటే."

ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎక్కడా చెప్పలేదు ఈ సంగతి. నరసింహ కిటికీలోంచి చూశాడు. పెట్రోల్ బంకులూ పార్కింగ్ లాట్లూ అంత అందంగా ఉంటాయని అంతవరకు గమనించలేదు.

కాసేపయ్యాక గొంతు సవరించుకుని, "అయితే వచ్చే శనివారం ఏది రాదండీ?" అని అడిగాడు.

నళిని ఆలోచించింది. "అల్లం."

"అల్లం రాదు. ఖాయం. నా చేత్తోనే దాచేస్తా. ఆ పై వారం?"

"పచ్చిమిర్చి. పచ్చిమిర్చి మర్చిపోతె ఎవరైనా నమ్ముతరు."

"ఆ పైన నిమ్మకాయలు."

"నిమ్మకాయలు వద్దు, పవన్ దగ్గర ఎప్పుడూ ఉంటయ్. మెంతికూర పెట్టండి. అప్పటికి సెమిస్టర్ అయిపోతది."

"సెమిస్టర్ అయ్యాక?"

"అయినంక కూడా ఏదో ఒకటి రాకుంట చూడాలె. మీరే కదా చదువుతున్నరు, సరుకు ఎట్ల పోవాలె, ఎట్ల రావద్దు అని."

బస్సు వాళ్ళ స్టాప్ దగ్గరికొచ్చింది. ఎర్ర ఇటుకల గోడలు అద్దంలోంచి వెనక్కి జరిగాయి. దిగాలంటే డ్రైవర్‌కి గంట వినపడేలా కిటికీ పక్కనున్న తాడు లాగాలి, లేకపోతే బస్సు ఆగదు. నరసింహ దాని వైపు చూశాడు. నళిని కూడా చూసింది.

"తాడు మీ దిక్కే ఉంది," అంది ఆమె.

"అవునండీ," అన్నాడు నరసింహ. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.